పిల్లల కార్యక్రమాలను కాదు, పిల్లలు చూసే వేళలను లెక్కలోకి తీసుకోండి: చిరుతిళ్ళ ప్రకటనలపై ఒక బహిరంగ లేఖ

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రిగారికి,
కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రిగారికి,
భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ అధ్యక్షులకు,
కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చీఫ్ కమిషనర్‌గారికి,

నమస్కారాలు.

నేను ప్రకాశం జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పి, పోయిన ఏడాది పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయినిని. నేను వైద్యం చదువుకోలేదు, న్యాయశాస్త్రం చదువుకోలేదు. ఒక మాటకు అర్థం ఎంతవరకు పోతుందో, ఎక్కడ ఆగుతుందో పిల్లలకు విడమరచి చెప్పడమే నా వృత్తి. ఈ లేఖ కూడా ఒక మాట గురించే. 2022 జూన్ 9న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణకు మార్గదర్శకాలు జారీ చేసింది. చిప్స్, గ్యాస్ నింపిన తీపి పానీయాలు, అటువంటి ఇతర చిరుతిళ్ళ ప్రకటనలను పిల్లల కోసం ఉద్దేశించిన కార్యక్రమాల మధ్య గానీ, పిల్లలకే ప్రత్యేకించిన చానళ్ళలో గానీ వేయరాదని వాటిలో ఉంది. ఆ నియమం రాసినవారికి పిల్లల మీద శ్రద్ధ ఉన్నదని నేను నమ్ముతున్నాను. అయితే "ఉద్దేశించిన" అన్న మాట దగ్గరే ఆ శ్రద్ధ ఆగిపోయింది. మన ఇళ్ళలో పిల్లలు తమకోసం ఉద్దేశించినవి మాత్రమే చూడరు.

సాయంత్రం మా ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా ఒకటే టీవీ, దాని ముందు అందరూ. నాయనమ్మ సీరియల్ పెట్టుకుంటే పిల్లవాడు హోంవర్కు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అదే చూస్తాడు. ఏడున్నరకు క్రికెట్ మొదలైతే ఇంటిల్లిపాదీ అక్కడే భోజనం చేస్తారు. ఆదివారం మధ్యాహ్నం సినిమా వస్తుంది, రాత్రి పాటల పోటీ వస్తుంది. సీరియల్ పిల్లల కోసం ఉద్దేశించినది కాదు, క్రికెట్ కాదు, సినిమా కాదు, పాటల పోటీలో పాడేది పిల్లలే అయినా అది కూడా కుటుంబ కార్యక్రమమే. కాబట్టి వీటన్నిటి మధ్య కూల్‌డ్రింకుల, చిప్స్ ప్రకటనలు నిరభ్యంతరంగా వస్తున్నాయి. వీధి వాకిలికి తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసి ఉంచినట్లు, కార్టూన్ చానల్ దగ్గర కాపలా పెట్టి, పిల్లలు నిజంగా కూర్చునే చోటును వదిలేశాం.

పోయిన ఐపీఎల్ సమయంలో ఒక రాత్రి, నాలుగో తరగతి చదువుతున్న మా మనవరాలికి ఒక తెల్లకాగితం ఇచ్చి, ప్యాకెట్లో తినేది గానీ సీసాలో తాగేది గానీ తెర మీద కనబడినప్పుడల్లా ఒక గీత గీయమన్నాను. మొదటి ఇన్నింగ్స్ ముగియకముందే కాగితం ఒక పక్క నిండిపోయింది. ఓవర్‌కూ ఓవర్‌కూ మధ్య వచ్చే ప్రకటనలకు గీతలు గీస్తూ గీస్తూ, మైదానం అంచున నిలబెట్టిన బోర్డులకు కూడా గీయాలా అని అడిగింది. వ్యాఖ్యాత నోట వచ్చిన పానీయం పేరుకు గీయాలా అని ఇంకొకసారి అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తరువాత మార్గదర్శకాలు తెప్పించుకుని చదివాను. తొమ్మిదేళ్ళ పిల్ల అడిగిన ఆ రెండు ప్రశ్నలకు వాటిలోనూ సూటి జవాబు దొరకలేదు.

ఇక ఫోను సంగతి. టీవీకి కనీసం చానల్ అనే హద్దు ఉంది, వేళ అనే హద్దు ఉంది. అన్నం తినిపించడానికి ఏడాదిన్నర బిడ్డ చేతికి తల్లి ఇచ్చే ఫోనులో పాట మధ్యలో వచ్చే ప్రకటనకు ఏ హద్దూ లేదు. బడి పిల్లలు చూసే రీళ్ళలో, తమ ఈడు పిల్లవాడే ఒకడు చాక్లెట్ పెట్టె విప్పి కేరింతలు కొడుతుంటే అది ప్రకటన అని వాళ్ళు గుర్తించను కూడా గుర్తించరు. ప్రకటనకూ కబురుకూ తేడా తెలియాలంటే కొంత వయసు రావాలి. అది రాకముందే మనం వాళ్ళను బజారు మధ్యలో నిలబెట్టాం.

నేను ఉద్యోగంలో ఉన్న చివరి సంవత్సరం జరిగిన ఒక సంగతి చెప్పాలి. తెలుగు వాచకంలో పాఠం చివర ప్రకటన తయారు చేయమనే అభ్యాసం ఉంటుంది. ఆరో తరగతి పిల్లలకు నచ్చిన తినుబండారం మీద ఒక ప్రకటన రాసుకుని రమ్మన్నాను. నలభైమందికి దగ్గరగా ఉన్న తరగతిలో, నలుగురైదుగురు తప్ప అందరూ ప్యాకెట్లలో దొరికేవాటి మీదనే రాశారు. వాళ్ళు రాశారనడం కూడా సరికాదు. టీవీలో విన్న వాక్యాలను తప్పు లేకుండా దించారు. వేమన పద్యంలో రెండో పాదం దగ్గర తడబడే పిల్లవాడు ఒక పానీయం పాటను ఆసాంతం, రాగంతో సహా అప్పజెప్పాడు. ఒక్క అమ్మాయి మాత్రం ఇలా రాసింది: "మా నాయనమ్మ సున్నుండలు. మినుములు మా చేలోవే. నెయ్యి మా గేదెదే. అడిగితే పెడుతుంది, డబ్బులు అక్కర్లేదు." ఆ అమ్మాయి చదివి వినిపించినప్పుడు తరగతి గొల్లున నవ్వింది. ఆ పిల్లలను నేను తప్పు పట్టలేకపోయాను. ఆరేడేళ్ళుగా రోజూ వాళ్ళ చెవిలో పోస్తున్నది ఏదో, వాళ్ళ నోట అదే వచ్చింది. సున్నుండల ప్రకటన ఏ చానల్‌లోనూ వాళ్ళు వినలేదు.

అదే సంవత్సరం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం బడికి వచ్చింది. ఎనిమిదో తరగతి చదివే ఒక పిల్ల మెడ వెనుక చర్మం మందంగా, నల్లగా, ముడతలు పడినట్లు ఉంది. కూలిపనికి పోయే ఆ తల్లి దాన్ని మట్టి అనుకుని ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం సున్నిపిండితో, తరువాత పీచుతో, ఒకసారి ఇటుక ముక్కతో రుద్దింది. చర్మం గీరుకుపోయిన గుర్తులు నేను చూశాను. అది మట్టి కాదని, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు అక్కడ అలా నల్లబడుతుందని, రక్తపరీక్ష చేయించాలని డాక్టరుగారు చెబితే ఆ తల్లి ముందు నమ్మలేదు. చక్కెర వ్యాధి అంటే ముసలివాళ్ళకు వచ్చేదని ఆమెకు తెలుసు. ఇంట్లో ఎవరికీ లేని వ్యాధి ఆనవాలు పదమూడేళ్ళ కూతురికి ఎలా వచ్చిందని నన్ను అడిగింది. ఆ పిల్ల పొద్దున ఇంట్లో తినకుండా వచ్చి, గేటు ఎదురు కొట్లో ఐదు రూపాయల ప్యాకెట్టు ఒకటి, పది రూపాయల తీపి పానీయం ఒకటి కొనుక్కుని కడుపు నింపుకునేదని నాకు తెలుసు. రోజూ చూస్తూ ఊరుకున్నందుకు నాకు సిగ్గుగా కూడా ఉంది.

ఒక పిల్ల కథతో దేశానికి నియమం రాయమని నేను అడగడం లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సహకారంతో మధుమేహం మీద దేశమంతటా జరిపిన ఇండియాబ్ అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36 శాతం, తెలంగాణ మహిళల్లో 30 శాతం మంది ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారు. అదే సర్వేలో ఈ రెండు రాష్ట్రాల్లోనూ ఐదేళ్ళలోపు పిల్లల్లో సుమారు మూడో వంతు మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఈ రెండు అంకెలను విడివిడిగా చూడకండి. ఎదుగుదల లేని బక్కపిల్లవాడు కూడా ఆ ఐదు రూపాయలూ పెట్టి ఉప్పూ నూనే కొనుక్కుంటున్నాడు. అదే బడిలో మధ్యాహ్నం గుడ్డు పెడుతున్నారు, చిక్కీ ఇస్తున్నారు, రాగిజావ పోస్తున్నారు. పిల్లవాడి పోషణకు ప్రభుత్వం ఇంత ఖర్చు పెడుతుంటే, అతని ఆకలిని ముందుగానే చంపే సరుకుకు ప్రచారం రోజంతా అడ్డులేకుండా నడుస్తున్నది.

2025 మేలో సీబీఎస్ఈ తన పాఠశాలల్లో చక్కెర బోర్డులు, అంటే ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు చూపే బోర్డులు, పెట్టమని ఆదేశిస్తూ ఒక లెక్క చెప్పింది. నాలుగు నుంచి పదేళ్ళ పిల్లలు రోజూ తీసుకునే శక్తిలో 13 శాతం, పదకొండు నుంచి పద్దెనిమిదేళ్ళ వారికి 15 శాతం చక్కెర నుంచే వస్తున్నదట. ఉండవలసింది 5 శాతం. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు రోజుకు 25 గ్రాముల చక్కెర దాటవద్దని చెబుతున్నాయి. మామూలు కోలా పానీయం 100 మిల్లీలీటర్లలో పది, పదకొండు గ్రాముల చక్కెర ఉంటుంది. చిన్న సీసా ఒకటి తాగితే ఆ రోజు వాటా అయిపోయింది. అన్నంతో పాటు ఇక ఏ తీపీ ముట్టకూడదు. ప్రకటనలో ఆ సీసాను ఎత్తి గటగటా తాగే కథానాయకుడు ఈ సంగతి చెప్పడు.

స్థూలకాయానికీ మధుమేహానికీ ప్రకటనలే ఏకైక కారణమని నేను అనను. ఆటస్థలాలు లేవు, చదువుల ఒత్తిడి ఉంది, వంట చేసే తీరిక తల్లులకు తగ్గింది, వంశపారంపర్యం ఉంది. వీటిలో చాలావాటిని మార్చడానికి తరాలు పడుతుంది. ప్రకటన ఒక్కటే మీ సంతకంతో మారగలిగినది. ప్రకటనల వల్ల అమ్మకాలు పెరగవని ఎవరైనా వాదిస్తే, కంపెనీలు అంత సొమ్ము వాటి మీద ఎందుకు పోస్తున్నాయో వారే చెప్పాలి. 2024–25 ఆర్థిక సర్వే ఉటంకించిన లెక్క ప్రకారం మన దేశంలో అతిగా శుద్ధిచేసిన ఆహారాల (కర్మాగారాల్లో తయారై ప్యాకెట్లలో, సీసాల్లో వచ్చేవాటి) వ్యాపారం 2006లో 90 కోట్ల డాలర్లు. 2019 నాటికి అది 3,790 కోట్ల డాలర్లకు చేరింది. పదమూడేళ్ళలో ఒక దేశపు నాలుక అంతగా మారిపోయిందంటే అది దానంతట అది మారలేదు.

చేసి చూపిన దేశాలు ఉన్నాయి. చిలీలో వైద్యుడైన సెనేటర్ గీదో జిరార్డీ ఏళ్ళ తరబడి పోరాడిన చట్టం 2016 జూన్‌లో అమలులోకి వచ్చింది. చక్కెర, ఉప్పు, కొవ్వు హద్దు మీరిన ప్యాకెట్ల మీద నల్లని అష్టభుజి గుర్తు వేయాలి. ఆ గుర్తు పడిన సరుకును పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు చూపి అమ్మకూడదు, ప్యాకెట్టు మీద కార్టూన్ బొమ్మ ఉండకూడదు. మొదటి అంచెలో వాళ్ళు కూడా మనలాగే పిల్లల కార్యక్రమాల దగ్గరే నిషేధం పెట్టారు. అది చాలలేదని గ్రహించి 2018లో ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు టీవీలో అటువంటి ప్రకటనలు మొత్తంగా ఆపివేశారు. మీరు గమనించవలసింది ఈ రెండో అడుగు. చట్టం వచ్చాక తొలి దశలోనే తీపి పానీయాల కొనుగోళ్ళు దాదాపు 24 శాతం తగ్గాయని పరిశోధకులు తేల్చారు. లండన్ నగర రవాణా సంస్థ 2019 ఫిబ్రవరిలో తన బస్సుల మీద, రైలు స్టేషన్లలో ఈ ప్రకటనలు తీసివేసింది. నిషేధం లేకపోతే కొనేవారని అంచనా వేసిన దానితో పోలిస్తే, ఒక్కో కుటుంబం వారానికి సుమారు వెయ్యి కేలరీల మేర అటువంటి సరుకు తక్కువ కొన్నదని 2022లో ఒక అధ్యయనం చెప్పింది. ఆ సంస్థకు ప్రకటనల ఆదాయం కూడా పడిపోలేదు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలోనైతే పదమూడేళ్ళలోపు పిల్లలకు ఏ వస్తువునూ ప్రకటనతో అమ్మకూడదన్న చట్టం 1980 నుంచీ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జులైలో ఈ విషయంలో స్వచ్ఛంద ఒప్పందాలు చాలవని, తప్పనిసరి నియమాలే కావాలని సిఫారసు చేసింది.

స్వచ్ఛందం మాటకు వస్తే మన అనుభవం కూడా ఉంది. కార్టూన్ చానళ్ళలో ఈ ప్రకటనలను నిషేధించే ఆలోచన లేదని, తొమ్మిది పెద్ద కంపెనీలు వాటిలో ప్రకటనలు ఇవ్వబోమని తమంతట తామే చెప్పాయని 2018 ఫిబ్రవరిలో ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఆ మాటను నమ్మి ఆగినందుకు మనకు మిగిలినది, నేను పైన చెప్పిన కాగితం మీది గీతలు.

బడి దగ్గరి నియమం గురించి కూడా చెప్పాలి. 2020 సెప్టెంబరులో ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ ఇచ్చిన నిబంధనలు, కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న ఆహారాన్ని బడిలోనూ బడి గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మరాదని, ప్రచారం చేయరాదని అంటున్నాయి. 2021 జులై నుంచి అవి అమలులో ఉన్నాయి. నేను పదవీ విరమణకు ముందు ఆటల మాస్టారి దగ్గర కొలత టేపు అడిగి తీసుకుని, ఇద్దరు పదో తరగతి పిల్లలను తోడు పెట్టుకుని గేటు నుంచి కొలిచాను. మొదటి బడ్డీ కొట్టు పన్నెండు మీటర్ల దూరంలో ఉంది. కొట్టు ముందు ప్యాకెట్లు దండల్లా వేలాడుతున్నాయి, ఐదేళ్ళ పిల్లవాడి కళ్ళకు సమానమైన ఎత్తులో. దాని పైన బోర్డు ఒక పానీయం కంపెనీ ఉచితంగా వేయించి ఇచ్చినది. పానీయం పేరు బోర్డంతా పరుచుకుని ఉంది, కొట్టు యజమాని పేరు కింద ఒక మూలన చిన్న అక్షరాల్లో ఉంది. ఆయన మా పూర్వ విద్యార్థే. బోర్డు తీసేస్తావా నాయనా అని అడిగితే, "తీసేస్తానమ్మా, కానీ నాకు బోర్డు వేయించుకునే స్తోమత లేదు, వాళ్ళయితే ఫ్రిజ్ కూడా ఇచ్చారు" అన్నాడు. ఆయన మీద జరిమానా వేసి చేతులు దులుపుకోవద్దు. ఆ బోర్డు ఇచ్చినవారిని పట్టుకోండి.

ఆ నిబంధనల్లో ఇంకొక లోటు ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర "ఎక్కువగా" ఉన్న ఆహారం అన్నారే గాని ఎంత ఉంటే ఎక్కువో అంకె చెప్పలేదు. అంకె లేని నియమాన్ని అమలు చేయమంటే మండలంలో తిరిగే ఆహార భద్రత అధికారి ఏ ప్యాకెట్టు చూపి కేసు రాయగలడు? వ్యాకరణం చెప్పినదాన్ని కాబట్టి అంటున్నాను, విశేషణాలతో చట్టం నడవదు.

మాకు ఎదురయ్యే ఆక్షేపణలు మూడు ఉన్నాయి. పిల్లలు ఏం తినాలో చూసుకోవలసింది తల్లిదండ్రులు గదా అంటారు. నిజమే, వాళ్ళే చూసుకోవాలి. కానీ మిరపకాయల కోతకు పొద్దున్నే పోయి చీకటిపడ్డాక తిరిగివచ్చే తల్లి ఒక వైపు, ప్రపంచంలోని తెలివైన ప్రచార నిపుణులూ, పిల్లవాడు దేవుడిలా చూసే సినీ కథానాయకుడూ, భారత జట్టు ఆటగాడూ ఒక వైపు నిలబడితే, దాన్ని తల్లి బాధ్యత అని పిలవడం న్యాయం కాదు. ఆమె మాట ఒకసారి వినబడుతుంది, అవతలివారి మాట రోజుకు ఇరవైసార్లు వినబడుతుంది.

రెండోది, మన మిరపకాయ బజ్జీలూ జంతికలూ ఆరోగ్యకరమా అన్న ప్రశ్న. కావు, అవి కూడా మితంగానే తినాలి. నియమం అంకెల మీద నిలబడితే దేశీ తిండికీ విదేశీ తిండికీ తేడా అవసరం లేదు. హద్దు దాటిన మురుకుల ప్యాకెట్టుకు టీవీలో ప్రకటన వేస్తే దాన్నీ ఆపండి. కానీ సాయంత్రం సెంటరులో బండి పెట్టుకునే బజ్జీల ఆమె మా పిల్లల ఫోనులోకి వచ్చి పాట పాడదు. అమ్మకాన్ని నిషేధించమని నేను అడగడం లేదు. తినదలచినవారు కొనుక్కుని తింటారు. పిల్లలను వెంటాడి అమ్మడం ఆపమంటున్నాను.

చానళ్ళకూ క్రికెట్‌కూ ఆదాయం పోతుందన్నది మూడోది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలతో సహా, పార్లమెంటు కొద్ది రోజుల్లో నిషేధించింది. భారత జట్టు చొక్కా మీద అప్పటిదాకా ఉన్న అటువంటి ఆటల కంపెనీ పేరు పోయింది. కొన్ని వారాల్లో ఇంకొక పేరు వచ్చింది. ఆట ఆగలేదు. 2003 చట్టంతో పొగాకు ప్రకటనలు పోయినప్పుడు కూడా పత్రికలు మూతపడలేదు.

అధికారులు పట్టించుకుంటే ఏం జరుగుతుందో చూడడానికి పరాయి దేశాలకు పోనక్కరలేదు. విరేచనాలతో నీరసించిన పిల్లలకు తల్లులు ఓఆర్ఎస్ (ఒంట్లో పోయిన నీటినీ లవణాలనూ తిరిగి నింపే ద్రావణం) అనుకుని తీపి పానీయాల డబ్బాలు పట్టిస్తున్నారని హైదరాబాదులో పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్ళపాటు ఒంటరిగా అరిచి చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో ఉండవలసిన గ్లూకోజు 13.5 గ్రాములు. ఆ డబ్బాల్లో అంతకు ఎన్నో రెట్ల చక్కెర ఉండేది. 2025 అక్టోబరు 14న ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ ఓఆర్ఎస్ అన్న పేరును అటువంటి పానీయాల మీద వాడరాదని ఆదేశించింది. ఆ ఒక్క ఆదేశంతో మందుల దుకాణాల అరలు మారడం మొదలైంది. ఆ రోజు మేము చాలామందిమి సంతోషించాం. అదే సమయంలో, ఒక వైద్యురాలి కన్నీళ్ళు ఎనిమిదేళ్ళు కారితే గాని కదలని వ్యవస్థ, తక్కిన వందల సరుకుల విషయంలో ఇంకెన్నేళ్ళు తీసుకుంటుందో అన్న దిగులు కూడా కలిగింది.

ఇప్పుడు మీ ముందున్నది కొత్త ఆలోచన కూడా కాదు. 2026 జనవరి చివర పార్లమెంటు ముందుంచిన ఆర్థిక సర్వేలో, అతిగా శుద్ధిచేసిన ఆహారాల ప్రచారాన్ని ఉదయం 6 నుంచి రాత్రి 11 వరకు అన్ని మాధ్యమాల్లోనూ నిషేధించే అవకాశాన్ని పరిశీలించాలని మీ ప్రభుత్వపు ఆర్థికవేత్తలే సూచించారు. ప్రజల పోషణ స్థాయినీ ఆరోగ్యాన్నీ మెరుగుపరచడం ప్రభుత్వ ప్రథమ కర్తవ్యాల్లో ఒకటని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతున్నది. సర్వే సలహా మాత్రమే ఇవ్వగలదు. దాన్ని నియమంగా మార్చవలసినవారు మీరు నలుగురూ.

అందుచేత నా విన్నపాలు. ముందుగా, ఎంత చక్కెర, ఎంత ఉప్పు, ఎంత కొవ్వు దాటితే ఆ సరుకు ప్రకటనకు పనికిరాదో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులచేత అంకెలు వేయించి గెజిట్‌లో ప్రకటించండి. ఆ కమిటీలో సరుకు అమ్మే కంపెనీల ప్రతినిధులను కూర్చోబెట్టకండి. ఆ తరువాత 2022 మార్గదర్శకాల్లో "పిల్లల కోసం ఉద్దేశించిన కార్యక్రమం" అన్నచోట "ఉదయం 6 నుంచి రాత్రి 11 వరకు ప్రసారమయ్యే ఏ కార్యక్రమమైనా" అని మార్చండి. ప్రత్యక్ష క్రీడా ప్రసారాలకు వేళతో సంబంధం లేకుండా, మైదానంలోని బోర్డులతో సహా అదే వర్తింపజేయండి. ఫోనులో వేళలకు అర్థం లేదు కాబట్టి అక్కడ డబ్బిచ్చి వేయించే ప్రకటన ఏ వేళలోనూ ఉండకూడదు. బ్రిటన్ 2026 జనవరి 5 నుంచి అలాగే చేసింది. అయితే బ్రిటన్ చేసిన పొరపాటు మనం చేయవద్దు. సరుకు చూపకుండా కంపెనీ పేరు మాత్రమే చూపితే ఫరవాలేదని వాళ్ళు ఒక కంత వదిలారు. మద్యం పేరుతో సోడా, పాన్ మసాలా పేరుతో యాలకులు అమ్మే ప్రకటనలు చూసిన దేశం మనది. ఆ కంత లోంచి ఏమేం దూరుతాయో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ప్యాకెట్ల మీద కార్టూన్ బొమ్మలూ, లోపల ఆటవస్తువులూ, సినీతారల, ఆటగాళ్ళ ముఖాలూ ఈ హద్దు దాటిన సరుకులకు ఉండకూడదు. బడి దగ్గరి నిబంధనలో ఉచిత బోర్డులనూ ఫ్రిజ్‌లనూ ఇచ్చే కంపెనీని బాధ్యుణ్ణి చేసే మాట ఒకటి చేర్చండి.

వేసవిలో మళ్ళీ ఐపీఎల్ వస్తుంది, సెలవుల్లో పిల్లలు రోజంతా తెర ముందే ఉంటారు. దానికి ముందే అన్నీ జరగాలని అడిగేంత తెలియనిదాన్ని కాను. మా రాష్ట్రంలో జూన్ 12న బడులు తెరుస్తారు. అప్పటికి 50 మీటర్ల లోపలి బోర్డులు దింపించడానికి కొత్త చట్టం అవసరం లేదు, 2020 నిబంధన చాలు. టేపు ఇంకా మా బడిలోనే ఉంది. మీ అధికారి ఏ రోజు వస్తానన్నా, ఆ చివర పట్టుకోవడానికి నేను వస్తాను. తక్కిన విన్నపాల మీద మీ నిర్ణయం ఏదైనా, ఎప్పటిలోగా చేస్తారో తేదీతో సహా ప్రజలకు తెలిసేలా జవాబివ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
విధేయురాలు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
ప్రకాశం జిల్లా, ఆంధ్రప్రదేశ్